అన్నం పెడతాం, కానీ మాది కాదు: ఒడిశా సరిహద్దు ఊళ్ళలో కుక్కల పెంపకం

కుక్క కరిచాక వీధిలో నడిచే మాటలు బరంపురంలోనైనా, పర్లాకిమిడిలోనైనా, రాయగడలోనైనా దాదాపు ఒకేలా ఉంటాయి. ఎవరి కుక్క అది అని అడిగితే అరుగు మీంచి జవాబు వస్తుంది: "మాది కాదండి. మిగిలిన అన్నం పెడుతుంటాం, అంతే." ఆ ఇంటి పిల్లలు దాన్ని పేరు పెట్టి పిలుస్తారు. రాత్రిపూట అది ఆ వాకిట్లోనే పడుకుంటుంది. కొత్తవాళ్ళు గేటు తడితే ఆ ఇంటి తరఫునే మొరుగుతుంది. కాపలాకి మాది, కాటుకి మాత్రం ఎవరిదో.

కుక్కల మీద వాదన ఎక్కడ మొదలైనా పెంపుడు కుక్కలు, వీధికుక్కలు అని రెండు ముక్కలవుతుంది. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల తెలుగు పేటల్లో చాలా కుక్కలు ఈ రెండు ముక్కల్లోనూ ఇమడవు. ఒక ఇంటి అన్నం తింటాయి, నాలుగు వీధులు తిరుగుతాయి, ఎవరి పేరు మీదా ఉండవు. 2019లో జరిగిన 20వ పశుగణన దేశంలో 1.53 కోట్ల వీధికుక్కలున్నాయని తేల్చింది. అందులో 17.34 లక్షలు ఒడిశావే. సంఖ్యలో ఉత్తరప్రదేశ్ తర్వాత స్థానం దీనిదే. జనాభాతో పోల్చి చూస్తే ఒడిశాదే మొదటి స్థానం, వెయ్యి మందికి దాదాపు నలభై. ఈ లెక్కలో నిజంగా దిక్కులేనివి ఎన్ని, గణకుడు గడప దగ్గర అడిగినప్పుడు "మాకు కుక్క లేదు" అన్న ఇళ్ళ వాకిళ్ళలో పడుకున్నవి ఎన్ని అన్నది ఆలోచించాల్సిన విషయం. ఆ "లేదు" అన్న ఒక్క మాటతో కుక్క ఇంటి ఖాతా నుంచి మున్సిపాలిటీ ఖాతాలోకి మారిపోతుంది. టీకా ఖర్చు, ఆపరేషన్ ఖర్చు, కాటు పడితే నింద కూడా దానితోపాటే మారిపోతాయి.

బాధ్యతగా పెంచడమంటే డబ్బు పెట్టి కొన్న లాబ్రడార్‌కి మంచి మేత పెట్టి, సాయంత్రం గొలుసుతో తిప్పడమే అనుకుంటే ఈ ఊళ్ళ సమస్యలో పావు వంతు కూడా అందులోకి రాదు. అసలు సమస్య ఈ సగం పెంపకంలో ఉంది.

చట్టం ఈ సగం పెంపకాన్ని ఎలా చూస్తుందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పెంపుడు జంతువుకి నులిపురుగుల మందు, టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం యజమాని పని. వీధి జంతువులకి అవే పనులు చేయించాల్సింది స్థానిక సంస్థ, అంటే మున్సిపాలిటీ లేదా పంచాయతీ. కాబట్టి యజమాని ఎవరో తేలితే తప్ప పని ఎవరిదో తేలదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ ఇంకొంచెం ముందుకు వెళుతుంది. తన స్వాధీనంలో ఉన్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు లేదా తీవ్రమైన గాయం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో 289వ సెక్షన్ కింద ఈ జరిమానా వెయ్యి రూపాయలే. ఇక్కడ చట్టం వాడిన మాట స్వాధీనం. కొన్న రసీదు ఉందా, లైసెన్సు ఉందా అని అది అడగదు. రోజూ అన్నం పెట్టి, పేరు పెట్టి, వాకిట్లో పడుకోబెట్టుకోవడం స్వాధీనం కిందికి వస్తుందా రాదా అన్నది కేసును బట్టి కోర్టు తేల్చాలి. "మాది కాదు" అనేస్తే చేతులు దులుపుకోవచ్చన్న ధీమాకి మాత్రం చట్టంలో గట్టి ఆధారం కనిపించదు.

జంతువు వైపు నుంచి చూసే చట్టం 1960 నాటిది. జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం అతి పొట్టి గొలుసుతో గానీ, మోయలేని గొలుసుతో గానీ ఎక్కువసేపు కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టే ఉంచే కుక్కకి వ్యాయామం లేకుండా చేయడం, తిండి, నీళ్ళు, నీడ ఇవ్వకపోవడం, కారణం లేకుండా వదిలేయడం కూడా నేరాలే. మొదటిసారి తప్పు చేస్తే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. అరవై ఏళ్ళు దాటినా ఈ అంకె మారలేదు. ఇవాళ ఆ డబ్బుకి కుక్క బిస్కెట్ల చిన్న ప్యాకెట్ రావడం కూడా కష్టమే. కుక్కని వదిలేసి ఊరు మారిపోయేవారిని ఈ చట్టం ఆపుతుందని ఎవరూ నమ్మరు.

సుప్రీంకోర్టు 2025లో మూడుసార్లు ఇచ్చిన ఆదేశాలతో జనంలో చాలా గందరగోళం మిగిలింది. ఆగస్టు 11 నాటి ఉత్తర్వు ఢిల్లీ పరిసరాల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది. ఆగస్టు 22న పెద్ద ధర్మాసనం దాన్ని మార్చింది. టీకా, ఆపరేషన్ అయ్యాక పట్టుకొచ్చిన చోటే వదలాలని, రేబిస్ ఉన్నవి, ఆ అనుమానం ఉన్నవి, దూకుడుగా మీద పడేవి మాత్రం వదలకూడదని, వీధుల్లో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకుండా ప్రత్యేక స్థలాలు చూపాలని చెప్పింది. విషయం అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి కుక్కలను తొలగించాలని, వాటిని తిరిగి అక్కడే వదలకూడదని ఆదేశించింది. వీటిలో ఏదీ కుక్కను చంపమని చెప్పలేదు. గోనెసంచిలో కట్టి పక్క ఊళ్ళో పడేయమనీ చెప్పలేదు. సరిహద్దు ఊళ్ళలో ఈ రెండోదానికి ఆకర్షణ ఎక్కువ, ఎందుకంటే పక్క ఊరు పక్క రాష్ట్రం కూడా. అక్కడ వదిలేస్తే ఫిర్యాదు కూడా అక్కడే ఉండిపోతుందని ఆశ. అయితే తిండి దొరికే చోట కుక్కలు తగ్గితే ఆ ఖాళీలోకి వేరే కుక్కలు వస్తాయి. వచ్చేవాటికి టీకా ఉండదు, ఆపరేషన్ ఉండదు, ఆ వీధి మనుషులు అలవాటుండరు.

ఇదంతా రేబిస్ లేకపోతే ఇరుగుపొరుగు తగాదాగా మిగిలిపోయేది. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడ్డాక బతికి బయటపడటం దాదాపు అసాధ్యం. అందుకే దీన్ని మిగతా విషయాలతో కలిపి చూడటం కుదరదు. మనుషులకి సోకే రేబిస్‌లో 99 శాతం కుక్కల నుంచే వస్తుందని, కాటు బాధితుల్లో పదిమందికి నలుగురు పదిహేనేళ్ళలోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దేశంలో ఏటా సుమారు 91 లక్షల జంతు కాట్లు, 5,700 పైచిలుకు రేబిస్ మరణాలు ఉంటాయని భారత వైద్య పరిశోధన మండలి సర్వే అంచనా. కాట్లలో నాలుగింట మూడొంతులు కుక్కలవే. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ని 2030 నాటికి లేకుండా చేయాలని కేంద్రం 2021 సెప్టెంబరు 28న జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ప్రణాళిక కాగితం మీద బాగానే ఉంది. అది నడవాలంటే మాత్రం ప్రతి వీధిలోనూ కుక్కల్లో 70 శాతానికి టీకా పడి ఉండాలి. వీధిలో ఇరవై కుక్కలుంటే పద్నాలుగింటికి. వాటిలో సగం "ఎవరివో" అయితే ఆ పద్నాలుగు ఎప్పటికీ పూర్తి కావు. పైగా వీధిలో బతికే కుక్క ఆయుష్షు తక్కువ. ఈ ఏడు టీకా వేసిన వాటిలో కొన్ని వచ్చే ఏడాదికి ఉండవు, వాటి చోట కొత్త పిల్లలు వస్తాయి. అందుకే ఒకసారి శిబిరం పెట్టి ఫొటోలు దిగితే సరిపోదు.

ఇంట్లో పెంచే కుక్కకి రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలవుతుంది. తర్వాత డాక్టరు చెప్పిన తేదీకి బూస్టర్, ఆపైన ఏటా ఒకటి. ఎక్కువ ఇళ్ళలో జరిగే పొరపాటు ఒకటుంది. పిల్లగా ఉన్నప్పుడు పార్వో, డిస్టెంపర్ లాంటి కుక్కల జబ్బుల భయంతో కంబైన్డ్ టీకాలన్నీ శ్రద్ధగా వేయిస్తారు. కుక్క పెద్దదై ఆరోగ్యంగా తిరుగుతుంటే ఏటా వేయించాల్సిన రేబిస్ టీకా మరిచిపోతారు. పార్వో వస్తే కుక్క పోతుంది, రేబిస్ వస్తే కుక్కతోపాటు ఇంట్లో మనిషి పోవచ్చు. "మా కుక్క గేటు దాటదు" అన్న జవాబు కూడా వినిపిస్తుంది. గేటు కింద సందులోంచి వీధికుక్క పిల్ల దూరుతుంది. పెరట్లోకి ముంగిస వస్తుంది. కుక్క గేటు దాటనవసరం లేదు.

కరిచినప్పుడు చేయాల్సింది అందరికీ తెలిసినట్టే ఉంటుంది, చేసేది మాత్రం వేరుగా ఉంటుంది. గాయాన్ని ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పదిహేను నిమిషాలంటే గడియారం చూసి పదిహేను నిమిషాలే. కారం, సున్నం, పసుపు, కాఫీ పొడి, ఆకు పసరు ఏదీ పూయకూడదు. కొండ దిగువ ఊళ్ళలో కుక్కకాటుకి ఆకుమందు ఇచ్చేవారి దగ్గరికి సరిహద్దు దాటి మరీ వెళ్ళే అలవాటుంది. మందు తిన్నవాళ్ళు బాగానే ఉన్నారని చెప్పే కథల్లో నిజం కొంత ఉంది. కరిచే కుక్కలన్నిటికీ రేబిస్ ఉండదు, అందుకే చాలామంది బతుకుతారు. ఆ బతికినవాళ్ళే మందుకి ప్రచారకర్తలవుతారు. పోయినవాళ్ళు వచ్చి చెప్పరు.

పాత తరం ఇప్పటికీ బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల గురించి చెప్పి భయపెడుతుంది. గొర్రెల మెదడు కణజాలంతో చేసిన ఆ పాత టీకా తయారీని దేశంలో 2004 చివర్లోనే ఆపేశారు. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు, చేతులకి ఇస్తారు. కండలోకి ఇచ్చే పద్ధతైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు డోసులు. రక్తం వచ్చేలా కరిస్తే, లేదా పుండు మీద, కంటికి, నోటికి కుక్క చొంగ తగిలితే టీకా ఒక్కటే చాలదు. ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందును గాయంలోనూ, గాయం చుట్టూ ఎక్కించాలి. టీకా వల్ల ఒంట్లో రక్షణ తయారవడానికి రోజులు పడుతుంది. ఆ లోపు వైరస్ నరం పట్టుకోకుండా ఆపేది ఇదే. ముఖం, తల, మెడ, చేతివేళ్ళ మీద కాట్లకి దీని అవసరం మరీ ఎక్కువ, చిన్నపిల్లలకి పడే కాట్లు తరచూ ఆ భాగాల్లోనే ఉంటాయి. టీకా చాలా ఆరోగ్య కేంద్రాల్లో ఉంటుంది గానీ ఇమ్యునోగ్లోబ్యులిన్ చిన్న కేంద్రాల్లో తరచూ దొరకదు. గంజాం వైపు వాళ్ళకి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి, దక్షిణాన కోరాపుట్ మెడికల్ కాలేజీ పెద్ద దిక్కులు. టీకా మొదటి డోసు పడిన ఏడు రోజుల్లోపు ఇది పడాలి. పెద్దాసుపత్రికి వెళ్ళేదాకా టీకా ఆపుకుని కూర్చోకూడదు, దగ్గర్లో ఉన్నచోట మొదటి డోసు వేయించుకునే బయల్దేరాలి.

సరిహద్దులో కాటుకి ఒక ప్రత్యేకమైన చిక్కు కూడా ఉంది. పర్లాకిమిడికి, శ్రీకాకుళం జిల్లా పాతపట్నానికి మధ్య దూరం కూతవేటే. జనం పొద్దున అటు, సాయంత్రం ఇటు. పిల్లవాడిని పర్లాకిమిడిలో అమ్మమ్మగారి వీధిలో కుక్క కరిస్తే మొదటి డోసు అక్కడ పడుతుంది. సెలవులైపోయి ఇంటికొస్తే మూడో డోసు ఆంధ్రలో. చీటీ ఒడియాలోనో, ఎవరికీ అర్థం కాని డాక్టరు చేతిరాతలోనో ఉంటుంది. చర్మంలోకి ఇచ్చారా, కండలోకి ఇచ్చారా, ఇమ్యునోగ్లోబ్యులిన్ పడిందా లేదా అన్నది ఆ చీటీ మీద స్పష్టంగా ఉండాలి. రాయించుకోవడం తీసుకెళ్ళినవారి పని, రాసేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలకూడదు. ఇంకో సంగతి: కరిచిన కుక్కని పది రోజులు గమనించమంటారు. పది రోజులూ ఆరోగ్యంగా ఉంటే కరిచిన నాటికి దాని చొంగలో వైరస్ లేదని అర్థం. ఈ సౌకర్యం దక్కాలంటే ఆ కుక్కని కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరుండాలి. అన్నం పెట్టిన ఇల్లు భయపడి కుక్కని తరిమేస్తే, లేదా నలుగురూ చేరి కొట్టి చంపేస్తే ఆ అవకాశం పోతుంది. టీకా మొదలుపెట్టడానికి మాత్రం ఆ పది రోజులూ ఆగకూడదు.

పిల్లలు కాటుని దాచిపెడతారు. ఎందుకు దాచిపెడతారో పెద్దలకి తెలుసు: కుక్క దగ్గరికి వెళ్ళొద్దని ముందే చెప్పి ఉంటారు, చెబితే దెబ్బలు పడతాయి. గీరుకుపోయినా, చిన్న గాటు పడినా చెబితే కొట్టం అన్న హామీ ప్రతి ఇంట్లోనూ ఉండాలి. మొరిగే కుక్క కరవదన్న సామెత నమ్మి దగ్గరికి వెళ్ళేవాళ్ళు కూడా పిల్లలే. భయపడిన కుక్క మొరుగుతుంది, కరుస్తుంది, ఒక్కోసారి రెండూ ఒకేసారి చేస్తుంది. తింటున్న కుక్క, పిల్లల దగ్గరున్న తల్లి కుక్క, గొలుసుతో కట్టిన కుక్క, ఈ మూడింటి దగ్గరా పిల్లలకి పని లేదు.

గొలుసు మాట వచ్చింది కాబట్టి. పొద్దస్తమానం మెట్ల కిందో, జామచెట్టుకో కట్టేసిన కుక్క ఇంటికి రక్ష అని గట్టి నమ్మకం. నిజానికి కట్టి ఉన్న కుక్కకి పారిపోయే దారి ఉండదు, దాని చేతిలో మిగిలేది మీద పడటమే. రోజంతా కట్టి ఉంచి రాత్రి వదిలితే వీధి మొత్తం దాని రాజ్యమవుతుంది. తెల్లవారుజామున పాలు పోసేవాళ్ళు, పేపర్ వేసే కుర్రాళ్ళు, షిఫ్టు ముగించుకుని వచ్చే మిల్లు కార్మికులు దాని మూల్యం చెల్లిస్తారు. బయటికి తీసుకెళ్ళినప్పుడు మెడకి పట్టా, చేతిలో గొలుసు, తెలిసిన కరిచే స్వభావమైతే మూతికి చిక్కం. పశువులకి చిక్కం కట్టడం తెలిసిన ఊళ్ళలో కుక్కకి కడితే నామోషీ అనుకోవడం వింతే. ఎదురింటి ముగ్గు మీద దొడ్డికి కూర్చోబెట్టి పక్కకి చూస్తూ నిలబడే యజమానుల గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. జేబులో పాత పేపరు ముక్క పెట్టుకుంటే తీరే తగాదా అది.

కొత్తగా వచ్చిన జబ్బు ఖరీదైన జాతుల మోజు. బరంపురంలో, రాయగడలో జీతాలు పెరిగిన ఇళ్ళలో సైబీరియన్ హస్కీ కనిపిస్తోంది. మంచు బండ్లు లాగిన జాతిని చెమట ఆరని తీరప్రాంతపు వేసవిలో మూడో అంతస్తు గదిలో పెడుతున్నారు. ఏసీ ఉందంటారు, కరెంటు పోతే ఏమిటన్నది మే నెలలో తెలుస్తుంది. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి, రెండు నెలలు నిండని పిల్లని అమ్మకూడదు. వాట్సాప్‌లో ఫొటో చూసి, బస్సులో అట్టపెట్టెలో తెప్పించుకున్న నెలన్నర పిల్లకి ఈ రెండూ ఉండవు. అది నాలుగో రోజు విరేచనాలతో పశువైద్యశాలకి చేరుతుంది. ఈ ఉక్కకి, ఈ తిండికి తరతరాలుగా అలవాటు పడినవి మన దేశీ కుక్కలే. వీధిలో పుట్టిన పిల్లని తెచ్చి, టీకాలు వేయించి, ఇంటి పేరు మీద పెంచితే డబ్బు ఖర్చు తక్కువ, వీధిలో లెక్క కూడా ఒకటి తగ్గుతుంది.

తీరానికి వెళితే బాధ్యత అనే మాటకి ఇంకో అర్థం వస్తుంది. గోపాల్‌పూర్ నుంచి ఋషికుల్య నదీముఖం దాకా ఇసుక వెంబడి ఉన్న మత్స్యకార పల్లెల్లో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. ఒడియావాళ్ళు నోళియాలనేది వీళ్ళనే. చేపలు ఎండబెట్టే చోట కుక్కలకి లోటుండదు. తలలు, పేగులు, వలలోంచి ఏరిపారేసిన చిన్న చేపలు ఏడాది పొడుగునా దొరుకుతాయి. కుక్కల్ని ప్రత్యేకంగా ఎవరూ పెంచరు, అక్కడి తిండే వాటిని పెంచుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అదే ఇసుకలోకి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 2025 ఫిబ్రవరిలో ఋషికుల్య ఒడ్డుకి వచ్చినవి ఏడు లక్షలకు దగ్గరగా ఉన్నాయి. ఒక్కో తాబేలు వంద దాకా గుడ్లు పెట్టి ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు. ఆ రోజులన్నిటా గుడ్ల గుంతలు తవ్వేవాటిలో కుక్కలు ముందుంటాయి. గూళ్ళలోంచి బయటపడి సముద్రం వైపు పాకే పిల్లల్ని కూడా వదలవు. అటవీ శాఖ వలలు కడుతుంది, కాపలా పెడుతుంది, పల్లె కుర్రాళ్ళే రాత్రిళ్ళు తిరిగి కుక్కల్ని తోలతారు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలుకి పులితో సమానమైన మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. పల్లెలు దాన్ని ప్రేమగానే చూస్తాయి. కాని కుక్కల సంఖ్య నిర్ణయమయ్యేది ఫిబ్రవరి కాపలాలో కాదు, మిగతా నెలల్లో చేప వ్యర్థాన్ని ఎక్కడ పారేస్తున్నారన్న దాంట్లో. వ్యర్థాన్ని గుంతలో పూడిస్తే, లేదా ఎరువుకి అమ్మితే వచ్చే ఫలితం ఏ వలకీ రాదు. గంజాం లోతట్టు పొలాల్లో కృష్ణజింకల్ని శుభశకునంగా భావించి పంట తిన్నా ఊరుకునే ఊళ్ళున్నాయి. అక్కడా జింకపిల్లలకి కుక్కల బెడద తప్పడం లేదు.

గంజాం జిల్లాకి మరో లక్షణం వలస. సూరత్ మరమగ్గాల మీద పనిచేసేవారిలో ఈ జిల్లావాళ్ళు పెద్ద సంఖ్యలో ఉంటారు. కుటుంబం మొత్తం బయల్దేరినప్పుడు ఇంటికి తాళం పడుతుంది, ఆవును అమ్ముతారు, కోళ్ళను కోస్తారు. కుక్కకి ఏ ఏర్పాటూ ఉండదు. వాకిట్లో రెండు వారాలు కాచుకుని, తర్వాత అది మాంసం కొట్ల వెనక గుంపులో కలుస్తుంది. మనిషి చేతి తిండికి అలవాటైన కుక్క భయం లేకుండా సంచుల మీదికి వస్తుంది. జనం దాన్ని దూకుడు అంటారు. బయల్దేరేముందు పొరుగువారికి అప్పజెప్పి, నెలనెలా కొంత డబ్బు పంపేవారు కూడా ఉన్నారు. ఊరు విడిచేవాళ్ళు బంగారం దాచే చోటు ఆలోచించినంతలో పదో వంతు దీనికి ఆలోచించినా సరిపోతుంది.

ఆడకుక్కలు కనుక ఆపరేషన్ కాకుండా మిగిలితే సంగతి మరీ త్వరగా పెరుగుతుంది. కుక్క ఏడాదికి సుమారు రెండుసార్లు ఎదకు వస్తుంది, చూలు అరవై మూడు రోజులు, ఈతకి నాలుగు నుంచి ఆరు పిల్లలు. వాటిలో చాలా పిల్లలు బండి చక్రాల కింద పడో, జబ్బు చేసో పోతాయి. మిగిలినవి ఏడాది తిరిగేసరికి తామే తల్లులవుతాయి. "ఒక్క ఈత ఈనాక చేయిద్దాం" అని ఆగేవారికి ఆ ఈత పిల్లల్ని ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. సాధారణంగా తెలిసేది ఒకటే: మగపిల్లల్ని అడిగినవాళ్ళకి ఇస్తారు, ఆడపిల్లల్ని సంత దగ్గర వదిలేస్తారు. వీధుల్లో ఆడకుక్కలే ఎక్కువ కనిపిస్తున్నాయని ఆ తర్వాత ఆశ్చర్యపోతారు.

మరి ఎవరు ఎక్కడ మొదలుపెట్టాలి? మున్సిపాలిటీ నోటీసు ఒడియాలో వస్తుంది. పాత తరం తెలుగువారిలో మాట్లాడటం వచ్చి చదవడం రానివారున్నారు, శిబిరం తేదీ గోడ మీదే ఉండిపోతుంది. తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి చేసే ఏర్పాట్లలో సగం శ్రమతో ఆ నోటీసును తెలుగులో వాట్సాప్‌కి ఎక్కించవచ్చు. పశువైద్యశాలకి పోలేనివారికి 1962 నంబరుకి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వచ్చే ఏర్పాటు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. అది ఆవులకే అనుకుని కుక్క కోసం ఎవరూ చేయరు. వీధికి ఒక నోటుపుస్తకం పెడితే మరీ మంచిది: ఏ కుక్క, ఏ రంగు, చెవి కొసన ఆపరేషన్ గుర్తు ఉందా, చివరి టీకా ఎప్పుడు, అన్నం ఎవరు పెడుతున్నారు. మూడిళ్ళు పెడుతుంటే మూడు పేర్లూ రాయాలి. తిండి పెట్టేవారి మీద కోపంతో కాదు. కుక్కని దగ్గరికి పిలవగలిగేది, టీకా రోజున పట్టుకోగలిగేది, అది మేత మానేసిందని ముందుగా గమనించేది వాళ్ళే కాబట్టి. 2023 నిబంధనలు తిండి పెట్టడాన్ని నిషేధించలేదు. పిల్లలు ఆడుకునే చోట్లకి, మెట్లకి, రాకపోకల దారులకి దూరంగా స్థలం, వేళ చూపమన్నాయి. వేళ ఒకటే అయితే కుక్కలన్నీ ఒకచోటికి చేరతాయి, టీకా బృందం పని గంటలో తెములుతుంది.

రెండు వైపులా ఒకే వారంలో ఈ పని జరిగితే ఇంకా బాగుంటుంది. మహేంద్రతనయ నదికి అటు ఇటు తిరిగే కుక్కకి జిల్లా తెలియదు. కోరాపుట్ జిల్లా కొటియా గ్రామాల సంగతైతే మరీ విచిత్రం. ఇరవై ఒక్క ఊళ్ళ కోసం ఒడిశా, ఆంధ్రప్రదేశ్ దశాబ్దాలుగా కోర్టుల్లో ఉన్నాయి. రెండు రాష్ట్రాల రేషన్ కార్డులున్న ఇళ్ళకి రోడ్డు, బడి, పింఛను రెండు వైపుల నుంచీ వస్తాయి. టీకా సీసాకి ఆ పోటీ ఎప్పుడు పడుతుందో చూడాలి. టీకా శిబిరాలకి ఇప్పటికే రెండు తేదీలు వాడుకలో ఉన్నాయి: జంతువుల నుంచి సోకే వ్యాధుల దినంగా జులై 6, ప్రపంచ రేబిస్ దినంగా సెప్టెంబరు 28. మొదటిది 1885లో లూయీ పాశ్చర్ తన టీకాను మొదటిసారి ఒక పిల్లవాడికి వేయించిన రోజు, రెండోది ఆయన పోయిన రోజు. శిబిరాలకి రెండూ పనికొస్తాయి గానీ, ఆపరేషన్లకి మాత్రం జులైయే మేలు. వీధికుక్కలు ఎక్కువగా వానాకాలం చివర్లో ఎదకు వచ్చి చలికాలంలో ఈనుతాయి. ఆషాఢంలో పట్టిన కుక్కకి ఆపరేషన్ తేలిక. దసరా దాటాక మొదలుపెడితే డాక్టరు బల్ల మీదికి చూలుతో ఉన్నవే ఎక్కువ వస్తాయి, మిగిలినవి అప్పటికే ఏ మెట్ల కిందో ఈని ఉంటాయి.